రామకోటి లెక్క

మా అమ్మమ్మ రామకోటి రాసేది. సాయంత్రం దేవుడి గూట్లో దీపం పెట్టి, వసారాలోకి వచ్చి, గోడకు ఆనుకుని పీట మీద కూర్చునేది. ఒళ్లో ఒక పాత పరీక్ష అట్ట. దాని మీద, గుడి ముందు కొట్టులో కొన్న గళ్ల పుస్తకం. పేజీకి 20 వరసలు, వరసకు 5 గళ్లు, ఒక్కో గడిలో ఒక్క ‘శ్రీరామ’. రోజుకు ఐదు పేజీలు. వేళ్లు నొప్పి పుడితే పెన్ను కింద పెట్టి, అరచేతిని మోకాలికి రుద్దుకుని మళ్లీ తీసేది. కొన్ని రోజులు రాస్తూనే కునుకు పట్టేది. ‘శ్రీ’ దగ్గర గీత జారి పక్క గడిలోకి పోయేది. ఉలిక్కిపడి లేచి, ఆ గడిని కొట్టేసి, తర్వాతి దాంట్లో మళ్లీ రాసేది. కొట్టేసిన గడి లెక్కలోకి రాదు.

తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు నేను ఆ పక్కనే కూర్చుని లెక్క కట్టాను. రోజుకు 500. కోటిని 500తో భాగిస్తే 20,000 రోజులు. అంటే దగ్గర దగ్గర 55 ఏళ్లు. అమ్మమ్మ మొదలుపెట్టింది తన 48వ ఏట. “అమ్మమ్మా, ఇది పూర్తయ్యేసరికి నీకు నూట మూడేళ్లు వస్తాయి” అన్నాను, ఏదో రహస్యం కనిపెట్టినంత గొప్పగా.

“సరేలే నాన్నా. ఆ లైటు వేసి పో. ఇంకా రెండు పేజీలున్నాయి” అంది.

ఆమెకు రోజూ రాయాలనిపించేది కాదు. అది నేను కళ్లారా చూశాను. ఒకసారి అడిగాను కూడా. “అనిపించినప్పుడే రాద్దాం అనుకుంటే ఈపాటికి ఒక్క పుస్తకం కూడా అయ్యుండేది కాదు” అంది. మనస్తత్వశాస్త్రం చదవడం మొదలుపెట్టిన తర్వాత ఆ మాట నాకు చాలాసార్లు గుర్తొచ్చింది. శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా ప్రయోగశాలల్లో కష్టపడి రాబట్టిన విషయాల్లో ఎన్నో ఆ వసారాలో అప్పటికే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఊపు సంగతి. కొత్త పని మొదలుపెట్టినప్పుడు ఉండే ఊపు ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడికి పోతుంది? 1980లు, 90ల్లో స్విట్జర్లాండ్‌లో వుల్ఫ్‌రమ్ షుల్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని విడుదల చేసే నాడీకణాలను ఒక్కొక్కదాన్నీ వింటూ కూర్చున్నాడు. కోతి నోట్లో అనుకోకుండా పళ్లరసం చుక్క పడితే ఆ కణాలు గట్టిగా స్పందించేవి. రసం వచ్చే ముందు ప్రతిసారీ ఒక దీపం వెలిగించడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు ఆ కణాలు దీపం వెలగగానే స్పందించసాగాయి. రసం అందినప్పుడు మాత్రం నిశ్శబ్దం. దీపం వెలిగి రసం రాకపోతే, మామూలు స్థాయి కన్నా కిందికి పడిపోయేవి. పీటర్ డాయన్, రీడ్ మాంటేగ్‌లతో కలిసి 1997లో ఆయన దీనికి ఒక అర్థం చెప్పాడు. డోపమిన్ పలికేది సుఖాన్ని గురించి కాదు, మనం వేసుకున్న అంచనాకూ మన చేతికి అందినదానికీ ఉన్న తేడాను గురించి.

మన జీవితాలకు దీన్ని అన్వయించి చూడండి. షుగరు వచ్చిందని డాక్టరు చెప్పగానే కొత్త బూట్లు కొని పార్కుకు బయల్దేరతాం. మొదటి వారం అంతా కొత్తే. పొద్దుటి గాలి, తోటి నడకవాళ్ల పలకరింపులు, ఒళ్లు తేలికపడిన భావన. అంచనాకు మించి అందుతోంది కాబట్టి మెదడు హుషారుగా ఉంటుంది. నాలుగో వారానికి అదే గాలి, అదే పలకరింపు. అనుకున్నది అనుకున్నట్టే జరుగుతోంది, కనుక మెదడుకు కొత్తగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. పైగా మూడు నెలల తర్వాత రక్తపరీక్షలో మనం ఆశించినంత తగ్గుదల కనిపించకపోతే ఆ కోతికి రసం రానప్పటి పరిస్థితే. మనల్ని మనం ఆరంభశూరులమని తిట్టుకోవడం తెలుగువాళ్లకు తరతరాల అలవాటు. ఆరంభంలో శూరత్వం ఉండి తర్వాత సన్నగిల్లడం ఏ ఒక్క జాతి దోషమో కాదని, నేర్చుకునే మెదడు ఉన్న ప్రతి ప్రాణికీ అది తప్పదని ఈ ప్రయోగాలు చూశాక నాకు గట్టిగా అనిపిస్తుంది. ఊపు తగ్గిందంటే మీలో లోపం ఉన్నట్టు కాదు. మీ మెదడు ఆ పనిని నేర్చేసుకుంది, అంతే.

కాబట్టి అసలు చూడాల్సింది ఊపు పోయిన తర్వాతి రోజును. ఆ రోజు మనిషిని పీట మీద కూర్చోబెట్టేది ఏమిటి?

విశ్వాసం ఊపును తిరిగి రగిలిస్తుందని చాలామంది అనుకుంటారు. పండగనాడు, తీర్థంలో, ప్రార్థన కూటంలో అలా జరుగుతుంది కూడా. మామూలు మంగళవారం సాయంత్రం మాత్రం విశ్వాసం చేసే పని వేరు, నిశ్శబ్దమైనది. ‘ఇవాళ చేయాలని ఉందా?’ అనే ప్రశ్నను అది అడగనివ్వదు. మా అమ్మమ్మకు ఆ ప్రశ్న ఎదురయ్యేదే కాదు. దీపం పెట్టింది, అంటే రాయాలి. ఒకదాని వెంట ఇంకొకటి.

జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ జీవితకాలం పరిశోధించింది సరిగ్గా దీన్నే. ‘వ్యాయామం చేస్తాను’ అని అనుకోవడం వేరు, ‘కాఫీ గ్లాసు కింద పెట్టగానే చెప్పులేసుకుంటాను’ అని అనుకోవడం వేరు అంటాడు ఆయన. ఒక ప్రయోగంలో విద్యార్థులను క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఎలా గడిపారో రెండు రోజుల్లోపు రాసి పంపమన్నారు. ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే నిర్ణయించుకోమని కొందరికి చెప్పారు. వాళ్లలో దాదాపు ముప్పాతిక మంది పంపారు. అలా నిర్ణయించుకోనివాళ్లలో పంపింది మూడోవంతు మందే. సెలవుల హడావిడిలో ఉన్న కుర్రకారు సంకల్పబలం ఒక్క వాక్యంతో రెట్టింపయిందని దీనర్థం కాదు. సమయమూ చోటూ ముందే ఖాయమైతే పని మొదలుపెట్టడానికి సంకల్పం పెద్దగా అక్కర్లేకపోయింది. మతాచారాలన్నిటా ఈ కట్టుబాటే కనిపిస్తుంది. సంధ్య వాలితే దీపం, అజాన్ వినిపిస్తే నమాజు, భోజనానికి ముందు ప్రార్థన. ఎప్పుడు చేయాలో పొద్దూ పిలుపూ పళ్లెమూ చెబుతాయి. మనిషి తేల్చుకోవాల్సింది ఏమీ ఉండదు.

ఇక ఆ గళ్లు. కోటి అనేది మనసుకు పట్టని అంకె. గడి పడుతుంది. 1930ల్లో క్లార్క్ హల్ అనే అమెరికన్ పరిశోధకుడు, ఎలుకలు తిండి దగ్గరికి వచ్చేకొద్దీ వేగం పెంచుతాయని గమనించాడు. 2006లో రాన్ కివెట్జ్ బృందం దీన్నే కాఫీ కొట్టులో మనుషుల మీద పరీక్షించింది. పది ముద్రలు పడితే ఒక కాఫీ ఉచితం అని కొందరికి కార్డులిచ్చారు. మరికొందరికి పన్నెండు గళ్ల కార్డు, కాకపోతే అందులో రెండింటి మీద ముందే ముద్ర వేసి ఇచ్చారు. కొనాల్సింది ఇద్దరూ పదే. అయినా రెండు ముద్రలు ముందే పడ్డవాళ్లు త్వరగా పూర్తి చేశారు. దారి కొంత నడిచేశాం అన్న భావనే కాళ్లకు బలం. మా అమ్మమ్మ ప్రతి సాయంత్రం పెన్ను మూసేటప్పుడు ఆ పేజీని చివరి గడి దాకా నింపి ఆపేది కాదు. తర్వాతి పేజీలో ఒక్క వరస రాసి ఆపేది. ఎందుకని నేను అడగలేదు. ఇప్పుడైతే అడక్కుండానే తెలుసు. మర్నాడు ఆమె ఎదుట తెల్ల పేజీ ఉండేది కాదు, అప్పటికే మొదలైన పేజీ ఉండేది.

అలాగని విశ్వాసులకు మధ్యలో నీరసం రాదని కాదు. మాఫెరిమా టూరే-టిల్లరీ, అయెలెట్ ఫిష్‌బాక్ 2012లో ప్రచురించిన ఒక పరిశోధనలో యూదుల హనుకా పండగను తీసుకున్నారు. ఎనిమిది రాత్రులు వరసగా దీపాలు వెలిగించాలి. మొదటి రాత్రి, ఆఖరి రాత్రి వెలిగించినవాళ్లు ఎక్కువ. నడుమ రాత్రుల్లో తగ్గిపోయారు. భక్తి ఉన్నవాళ్లకూ నడిమధ్య జారుడే. మన దేవీ నవరాత్రుల్లో నాలుగో రోజు, అయిదో రోజు పందిట్లో కూర్చున్నవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. రామకోటి రాసేవాళ్లు మధ్య అనేదాన్ని ఎంత చిన్నది చేయగలిగితే అంత చిన్నది చేశారు. కోటికి మధ్య పాతికేళ్ల పైమాట. అమ్మమ్మ 200 పేజీల పుస్తకానికి మధ్య ఇరవయ్యో రోజు. పేజీకి మధ్య పదో వరస.

అలసట గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మన దేశానికి సూటిగా సంబంధించిన పరిశోధన ఒకటుంది. 1998లో రాయ్ బామైస్టర్ బృందం ఒక ప్రసిద్ధ ప్రయోగం చేసింది. అప్పుడే కాల్చిన బిస్కెట్ల వాసన పీలుస్తూ, వాటిని ముట్టకుండా ముల్లంగి తిన్న విద్యార్థులు ఆ తర్వాత ఇచ్చిన పజిళ్లను త్వరగా వదిలేశారు. నిగ్రహం కండరం లాంటిది, వాడితే అలసిపోతుంది అని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. 2016లో 23 ప్రయోగశాలలు రెండు వేల మందికి పైగా మనుషులతో మళ్లీ పరీక్షిస్తే ఆ ప్రభావం దాదాపు కనిపించలేదు. మరుసటి ఏడు కృష్ణ సవానీ, వెరోనికా జాబ్ ఇంకా ఆసక్తికరమైనది చూపించారు. వాళ్ల ప్రయోగాల్లో పాల్గొన్న భారతీయులు కష్టమైన పని చేసిన తర్వాత రెండో పనిని మరింత బాగా చేశారు. నిగ్రహం పాటిస్తే శక్తి పెరుగుతుందని మనవాళ్లలో చాలామంది నమ్మడమే దీనికి కారణమని పరిశోధకుల అభిప్రాయం. ఉపవాసం ఉన్నరోజు ఒళ్లు తేలిగ్గా ఉందనే పెద్దవాళ్లను మీరూ చూసే ఉంటారు. తపస్సు వల్ల శక్తి వస్తుందన్నది మనకు పురాణాల నుంచి వచ్చిన ఊహ. ఆ ఊహను నమ్మినవాడి విషయంలో అది కొంతమేరకు నిజమవుతోంది. దీన్ని నేను అతిగా సాగదీయను. కొద్ది ప్రయోగాలతో ఒక దేశం మనసును తేల్చేయలేం. అయినా, అలసట ఒంట్లోనే కాదు, అలసట గురించి మనం నమ్మేదాంట్లోనూ ఉందన్న సూచన చిన్నది కాదు.

విశ్వాసానికీ నిగ్రహానికీ సంబంధం ఉందా అని మైకేల్ మెకల్లో, బ్రయన్ విలబీ 2009లో ఎనిమిది దశాబ్దాల పరిశోధనలను ఒకచోట చేర్చి చూశారు. మతాచరణ ఉన్నవాళ్లలో ఆత్మనిగ్రహం సగటున కొంత ఎక్కువగా కనిపించింది. ఏది ముందు, ఏది వెనక అన్నది మాత్రం అంత తేలిక కాదు. నిగ్రహం ఉన్నవాళ్లే ఆచారాల్లో నిలబడి ఉండవచ్చు. నన్ను ఇంకా బలంగా ఆలోచింపజేసింది రిచర్డ్ సోసిస్, ఎరిక్ బ్రెస్లర్ 2003లో రాసిన వ్యాసం. అమెరికాలో 19వ శతాబ్దంలో సమష్టిగా బతుకుదామని కొందరు ఊళ్లకు దూరంగా స్థావరాలు పెట్టుకున్నారు. కొన్ని మతం పేరిట, కొన్ని సమానత్వం లాంటి ఆదర్శాల పేరిట. మొత్తం 83 స్థావరాల లెక్క తీశారు. మాంసం మానాలి, పొగ మానాలి, సొంత ఆస్తి వదలాలి అంటూ నియమాలు ఎంత ఎక్కువుంటే, మత స్థావరాలు అంత ఎక్కువకాలం నిలబడ్డాయి. మతంతో పనిలేని స్థావరాల్లో నియమాలు పెరిగినా ఆయుష్షు పెరగలేదు. నియమం పవిత్రమైందని నమ్మినచోట దాని బరువును ఎవరూ రోజూ తూకం వెయ్యరు. ‘దీనివల్ల లాభమెంత?’ అని లెక్క కట్టే చోట ఏదో ఒక రోజు ఆ లెక్క తేడా కొడుతుంది.

పవిత్రత అంటే దేవుడే కానక్కర్లేదని కూడా చెప్పుకోవాలి. కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా గారు దేవుణ్ణి నమ్మలేదు. అయినా అంటరానితనం పోవాలన్న పట్టుదలతో సహపంక్తి భోజనాలు, కులాంతర వివాహాలు జరిపిస్తూ 1975లో కన్నుమూసేదాకా ఆ పని వదల్లేదు. మనిషి విలువ మీద ఆయనకున్న నమ్మకం కూడా రోజువారీ తూకానికి అందనిదే.

ఇక్కడ అయ్యప్ప దీక్ష గురించి మాట్లాడాలి. కార్తీకం వచ్చిందంటే మన ఊళ్లు నల్లబట్టలతో నిండిపోతాయి. 41 రోజులు. తెల్లవారుజామునే చన్నీళ్ల స్నానం, చెప్పుల్లేని నడక, నేల పడక, మద్యం లేదు, సిగరెట్ లేదు, ఎదుటివాళ్లందరూ ‘స్వామీ’. ఊపు తగ్గిన మనిషిని నిలబెట్టడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటును ఏ మనస్తత్వవేత్తా తయారుచేయలేడేమో అనిపిస్తుంది. మెడలో మాల ప్రతి క్షణం గుర్తుచేస్తుంది. వీధివీధంతా సాక్షి. గురుస్వామి ఉన్నాడు, పక్కన తోటి స్వాములున్నారు, కళ్లెదుట తేదీ ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, పిలుపే మారిపోతుంది. నిన్నటిదాకా పేరుపెట్టి పిలిచిన కొట్టువాడు ఇవాళ ‘ఏం కావాలి స్వామీ’ అంటే, ఆ మనిషి సిగరెట్ అడగలేడు.

మా వీధిలో ఆటో నడిపే ఒకాయన వరసగా మూడేళ్లు మాల వేసుకున్నాడు. మూడేళ్లూ 41 రోజులు ఒక్క సిగరెట్ ముట్టలేదు. మూడేళ్లూ శబరిమల నుంచి వచ్చిన రెండో రోజే స్టాండు పక్క టీకొట్టు దగ్గర వెలిగించాడు. దీన్ని భక్తి లోపమనడం అన్యాయం. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో 12 వారాలు చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. ఒక కొత్త పని ఆలోచించకుండా జరిగే అలవాటుగా మారడానికి నడిమి లెక్కన 66 రోజులు పట్టింది. మనిషినిబట్టి, పనినిబట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా అంచనా వచ్చింది. గ్లాసు నీళ్లు తాగడం త్వరగా అలవాటైంది, వ్యాయామం ఆలస్యంగా. కాబట్టి 41 రోజులు కొన్నింటికి చాలు, కొన్నింటికి సగం దారే. పైగా అలవాటు చోటునూ సమయాన్నీ పట్టుకుని ఉంటుంది. టీకొట్టు, స్టాండు, రెండు కిరాయిల మధ్య ఖాళీ, ఇవి సిగరెట్‌కు పిలుపులు. మాల ఉన్నన్నాళ్లూ ఆ పిలుపుల మీద ఒక కొత్త పిలుపు కప్పి ఉంది. మాల తీశాక పాతవి అక్కడే ఉన్నాయి.

నాలుగో ఏడు ఆయన మాల తీశాక కూడా రెండు వదిలిపెట్టలేదు. తెల్లవారుజాము చన్నీళ్ల స్నానం, శనివారం సాయంత్రం గుళ్లో భజన. టీ తాగడం పక్కవీధికి మార్చుకున్నాడు. ఇది ఏ పుస్తకంలో చదివి చేసింది కాదు, గురుస్వామి చెప్పినట్టు చేశాడు.

భయంతో పాటించే నియమం గురించి ఒక హెచ్చరిక ఉంది. రిచర్డ్ రయన్, ఇద్దరు సహపరిశోధకులు 1993లో విశ్వాసుల్లో రెండు తీరులను వేరుచేసి చూశారు. చేయకపోతే తప్పు, నలుగురూ ఏమనుకుంటారో, దేవుడు శిక్షిస్తాడేమో అని చేసేవాళ్లు కొందరు. ఇది నాది, నాకు విలువైనది అని చేసేవాళ్లు కొందరు. రెండో తీరువాళ్ల మానసిక ఆరోగ్యం మెరుగ్గా కనిపించింది, మొదటి తీరువాళ్లది తగ్గి కనిపించింది. బయటి నుంచి చూస్తే ఇద్దరూ ఒకేలా కళ్లు మూసుకుని కూర్చుంటారు. పిల్లల చేత మొక్కులు మొక్కించే తల్లిదండ్రులు, ‘ఇంతే మార్కులొస్తే దేవుడు ఊరుకోడు’ అనేవాళ్లు, దయచేసి ఒకసారి ఆగాలి. భయం కొన్నాళ్లు పని చేయిస్తుంది. ఆ పని మీద ప్రేమను మాత్రం తినేస్తుంది.

ఆ భయం అన్నిటికన్నా ఎక్కువ హాని చేసేది ఒకరోజు తప్పినప్పుడు. 1975లో పీటర్ హెర్మన్, డెబొరా మాక్ ఒక ప్రయోగం చేశారు. తిండి తగ్గించుకుంటున్నవాళ్లకు ముందుగా మిల్క్‌షేక్ తాగించి, ఆ తర్వాత ఐస్‌క్రీమ్ ఎంత కావాలంటే అంత తినమన్నారు. తాగనివాళ్లకన్నా తాగినవాళ్లే ఐస్‌క్రీమ్ ఎక్కువ తిన్నారు. కడుపు నిండినవాళ్లు ఎక్కువ తినడమేమిటి? నియమం ఎలాగూ చెడింది, మునిగినవాడికి చలేమిటి అన్న లెక్క అది. లాలీ అధ్యయనంలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడడానికి చెప్పుకోదగ్గ నష్టమేమీ జరగలేదు. అంటే లక్ష్యాన్ని చంపేది తప్పిన రోజు కాదు, తప్పిన రోజుకు మనం చెప్పుకునే అర్థం. పాత సంప్రదాయాలకు ఇది బాగా తెలుసు. రంజాన్ నెలలో జబ్బుతోనో ప్రయాణంలోనో రోజా తప్పితే తర్వాత మరో రోజు ఉండి తీర్చుకోవచ్చు. దీక్షలో ఉండగా ఇంట్లో మరణం సంభవిస్తే మాల తీసేస్తారు, దాన్ని ఓటమి అని ఎవరూ అనరు. తిరిగి రావడానికి తలుపు తెరిచే ఉంటుంది. మనకు మనం పెట్టుకునే లక్ష్యాల్లో చాలావాటికి ఆ తలుపు ఉండదు. నడకో, చదువో, సంగీతమో మొదలుపెట్టేటప్పుడే, తప్పిన రోజు మర్నాడు ఏం చేస్తామో రాసి పెట్టుకోవడం మంచిది.

అమ్మమ్మకు 67వ ఏట రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ చేయించాం, ఒకదాని తర్వాత ఒకటి. రెండున్నర నెలలు రాయలేదు. ఆ తప్పిన పేజీలు ఎలా అని ఎవరో పరామర్శకు వచ్చినవాళ్లు అడిగితే, “రాముడికి నా కళ్ల సంగతి తెలీదా” అంది. డాక్టరు సరేనన్న రోజు సాయంత్రం దీపం పెట్టి, కొత్త కళ్లజోడు తుడుచుకుని, పీట మీద కూర్చుంది. ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గరుంది. ఆపరేషన్‌కు ముందురోజు రాసిన ఒక్క వరస, దాని కింద వేరే రంగు ఇంకుతో మొదలైన వరస. ఆ రోజు ఐదు పేజీలు రాయలేదు, పదకొండు గళ్లే రాసింది. అక్షరాలు వంకరపోయి, ‘మ’ తోక పక్క గడిలోకి దూకి ఉంది. ఒక్కటీ కొట్టేయలేదు. మర్నాడు ముప్పై గళ్లు. ఆ పై వారం పేజీ. నాలుగో పేజీ తిరగేసేసరికి ‘శ్రీరామ’ మళ్లీ గడిలోకి సరిపోయింది.